సాఫ్ట్‌వేర్ బృందాల నిర్వహణ - నాయకత్వం: మనిషి-నెల లెక్క నుంచి నింద లేని సమీక్ష వరకు

పరిశోధన వ్యాస సంగ్రహం:

సాఫ్ట్‌వేర్ నిర్మాణం సాంకేతిక కార్యంగా కనిపించినా, దాని జయాపజయాలు చాలావరకు బృంద నిర్వహణపై ఆధారపడతాయి. గడువు దాటిన పనికి మనుషులను చేర్చడం, తప్పు జరిగితే ఒక వ్యక్తిని దోషిగా నిలబెట్టడం, నైపుణ్యం గల ప్రోగ్రామర్‌కు శిక్షణ లేకుండానే అధికారం అప్పగించడం అనే మూడు అలవాట్లు ఈ రంగంలో పదే పదే కనిపిస్తాయి. ఫ్రెడరిక్ బ్రూక్స్, మెల్విన్ కాన్వే, ఆండ్రూ గ్రోవ్, ఏమీ ఎడ్మండ్‌సన్‌ల ప్రతిపాదనల వెలుగులో, 2012, 2017 సంవత్సరాల్లో జరిగిన రెండు బహిరంగ ఘటనల ఆధారంగా ఈ అలవాట్లు ఎందుకు విఫలమవుతాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇంజనీరింగ్ కళాశాలల ప్రాజెక్టు బోధనకు ఈ చర్చ ఎలా ఉపకరిస్తుందో చివరి భాగం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్, బృంద నిర్వహణ, నాయకత్వం, బ్రూక్స్ సూత్రం, కాన్వే సూత్రం, మానసిక భద్రత, నింద లేని సమీక్ష.

1. ఉపోద్ఘాతం:

వంతెన కట్టేవారికి పని ఎంత అయిందో కంటికి కనిపిస్తుంది. స్తంభాలు లేచాయా, దూలాలు పడ్డాయా అన్నది దారిన పోయేవారూ చెప్పగలరు. సాఫ్ట్‌వేర్‌కు ఆ సౌలభ్యం లేదు. నెలల తరబడి సాగిన పనిలో ఎంత పూర్తయిందో, పూర్తయిందన్నది ఎంత సరిగా ఉందో చూపుకు అందదు. అందువల్ల నిర్వాహకుడు మనుషుల మాట మీద ఆధారపడక తప్పదు. ఆ మనుషులు నిజం చెప్పగలిగే స్థితిలో ఉన్నారా లేదా అన్నదే సాఫ్ట్‌వేర్ నిర్వహణలో మూల ప్రశ్న. ఈ వ్యాసంలో ప్రస్తావించే సిద్ధాంతాలన్నీ ఏదో ఒక దారిలో ఈ ప్రశ్న దగ్గరికే చేరుకుంటాయి.

నిర్వహణ, నాయకత్వం అనే రెండు మాటలను ఇక్కడ వేరువేరు అర్థాల్లో వాడుతున్నాం. పనిని అంచనా వేయడం, విభజించడం, గడువులు చూడడం నిర్వహణ. పని చేసేవారు ఎదిగేలా, నిర్భయంగా మాట్లాడేలా చూడడం నాయకత్వం. ఆచరణలో ఈ రెండూ ఒకే వ్యక్తి భుజాల మీద పడతాయి.

2. సమస్య గుర్తింపు:

1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్ పట్టణంలో నాటో ఆధ్వర్యంలో ఒక సమావేశం జరిగింది. సుమారు 50 మంది నిపుణులు పాల్గొన్నారు. ‘సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్’ అనే పేరుకు విస్తృత ప్రచారం కల్పించిన సమావేశం ఇదే. పెద్ద ప్రోగ్రాములు గడువు దాటడం, వ్యయం మించడం, చేతికి వచ్చాక సరిగా పనిచేయకపోవడం అక్కడ చర్చకు వచ్చాయి. ‘సాఫ్ట్‌వేర్ సంక్షోభం’ అనే మాట స్థిరపడింది కూడా ఆ కాలంలోనే.

సంక్షోభానికి మొదట వెతికిన పరిష్కారాలు ఎక్కువగా సాంకేతికమైనవి: మెరుగైన భాషలు, క్రమబద్ధమైన రచనా పద్ధతులు. వీటి వల్ల మేలు జరిగింది. అయితే 1971లో జెరాల్డ్ వైన్‌బర్గ్ ప్రోగ్రామింగ్‌ను మనస్తత్వ శాస్త్ర దృష్టితో పరిశీలిస్తూ గ్రంథం వెలువరించాడు. తాను రాసిన కోడ్‌ను తన ఆత్మగౌరవంతో ముడిపెట్టుకున్న ప్రోగ్రామర్ అందులోని దోషాలను చూడలేడని, ఇతరులు చూపితే సహించలేడని ఆయన గుర్తించాడు. 1987లో టామ్ డిమార్కో, టిమొతీ లిస్టర్ తమ ‘పీపుల్‌వేర్’ గ్రంథంలో మరో అడుగు ముందుకు వేసి, ఈ రంగంలోని ప్రధాన సమస్యలు సాంకేతికమైనవి కావు, సామాజికమైనవని వాదించారు.

3. బ్రూక్స్ సూత్రం - మనిషి-నెల లెక్కలోని లోపం:

ఈ చర్చకు పునాది వేసినవాడు ఫ్రెడరిక్ బ్రూక్స్ (1931-2022). ఐబీఎం సంస్థ 1964 ఏప్రిల్‌లో ప్రకటించిన సిస్టమ్/360 కంప్యూటర్ల నిర్మాణానికి ఆయన సారథ్యం వహించాడు. తర్వాత ఆ యంత్రాల ఆపరేటింగ్ సిస్టమ్ అయిన ఓఎస్/360 బాధ్యత స్వీకరించాడు. ఆ సాఫ్ట్‌వేర్ ఆలస్యమైంది, అంచనాకు మించి ఖర్చయింది. సంస్థను వీడి విశ్వవిద్యాలయానికి వెళ్తున్నప్పుడు సంస్థ అధిపతి థామస్ వాట్సన్ జూనియర్ ఆయనను ఒక ప్రశ్న అడిగాడు: యంత్రాల నిర్మాణం కంటే ప్రోగ్రాముల నిర్మాణాన్ని నిర్వహించడం ఎందుకంత కష్టం? దానికి సమాధానంగా 1975లో వెలువడిన గ్రంథమే ‘ది మిథికల్ మ్యాన్-మంత్’. తన వైఫల్యాన్ని దాచకుండా విశ్లేషించడం ఆ గ్రంథానికి విశ్వసనీయతను తెచ్చింది.

ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషులను చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందన్నది బ్రూక్స్ సూత్రంగా ప్రసిద్ధి పొందిన ప్రతిపాదన. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అనే తెలుగు సామెతకు ఇది దగ్గరగా కనిపిస్తుంది. అయితే సామెత పంపకం గురించి చెబితే, బ్రూక్స్ సమన్వయం గురించి చెప్పాడు. వరికోతకు పదిమంది చాలకపోతే ఇరవై మందిని పిలవవచ్చు. ఒకరి మడితో మరొకరికి పని లేదు కనుక కోత సగం రోజుల్లో ముగుస్తుంది. నారు ఎదగడానికి పట్టే రోజులను మాత్రం కూలీల సంఖ్య తగ్గించలేదు. సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండు లక్షణాలూ ఉంటాయి. పైగా ఒకరి భాగం మరొకరి భాగంపై ఆధారపడుతుంది కనుక ప్రతి విభజనా కొత్త సంభాషణను కోరుతుంది.

ఆ సంభాషణల సంఖ్యను లెక్కించవచ్చు. సభ్యుల సంఖ్యను అంతకు ఒకటి తక్కువైన సంఖ్యతో గుణించి రెండుతో భాగిస్తే, ఇద్దరిద్దరి మధ్య ఏర్పడగల మార్గాల సంఖ్య వస్తుంది. ఐదుగురికి 10, పదిమందికి 45, పదిహేనుమందికి 105. మనుషులు మూడింతలైతే మార్గాలు పదింతలకు మించుతున్నాయి.

ఒక ఊహాత్మక ఉదాహరణతో దీన్ని పరిశీలిద్దాం. ఐదుగురు సభ్యుల బృందం 20 మనిషి-నెలల పనిని 4 నెలల్లో ముగించాలి. 2 నెలలు గడిచేసరికి 10 మనిషి-నెలల పని కావలసి ఉండగా 6 మాత్రమే అయింది. మిగిలింది 14 మనిషి-నెలల పని, 2 నెలల గడువు. కాగితం మీద ఏడుగురు కావాలి కనుక మేనేజర్ ఇద్దరిని చేర్చాడు. వారికి పని నేర్పడానికి పాతవారిలో ఒకరు ఒక నెల కేటాయించారు. మూడో నెలలో పని చేసింది నలుగురే, కనుక పూర్తయింది 4. నాలుగో నెలలో ఏడుగురూ పూర్తి స్థాయిలో పనిచేశారనుకుంటే 7. మొత్తం 11, ఇంకా 3 మిగిలే ఉన్నాయి. ఎవరినీ చేర్చకపోతే పాత ఐదుగురే 10 పూర్తి చేసేవారు. ఇద్దరిని చేర్చడం వల్ల కనిపించే లాభం ఒక్క మనిషి-నెల. పనిని కొత్తగా విభజించడానికి, 10 నుంచి 21కి పెరిగిన సంభాషణ మార్గాలకు, కొత్తవారి తొలి పొరపాట్లను దిద్దడానికి పట్టే కాలం ఆ లాభాన్ని హరించి నష్టంగా మార్చడానికి ఎక్కువ సమయం పట్టదు.

ఈ సూత్రానికి పరిమితులు ఉన్నాయి. 1995 సంచికలో బ్రూక్స్ తదనంతర పరిశోధనలను సమీక్షిస్తూ, మనుషులను చేర్చడం వల్ల వ్యయం ఎప్పుడూ పెరుగుతుందని, ఆలస్యం మాత్రం ఎప్పుడూ పెరగదని అంగీకరించాడు. ప్రారంభ దశలో చేర్చడం అంతిమ దశలో చేర్చడం కంటే క్షేమకరం. అందువల్ల దీన్ని నిషేధంగా గాక హెచ్చరికగా గ్రహించాలి.

గడువును విభజించే తీరుపైనా బ్రూక్స్ చెప్పినది ఆలోచించదగినది. మొత్తం కాలంలో మూడో వంతు ప్రణాళికకు, ఆరో వంతు కోడ్ రాయడానికి, నాలుగో వంతు విడిభాగాల పరీక్షకు, మిగిలిన నాలుగో వంతు సమగ్ర పరీక్షకు కేటాయించాలని ఆయన అనుభవం. అందరూ అసలు పని అనుకునే కోడ్ రచనకు దక్కినది అన్నిటికంటే చిన్న భాగం. పరీక్షకు దక్కినది సగం. పరీక్షా కాలాన్ని కుదించిన ప్రణాళికలో ఆలస్యం చివరి వారాల్లో గాని బయటపడదు. అప్పటికి దిద్దుకునే అవకాశం చేజారిపోతుంది.

4. కాన్వే సూత్రం - సంస్థ రూపమే వ్యవస్థ రూపం:

మెల్విన్ కాన్వే 1968 ఏప్రిల్‌లో ‘డేటామేషన్’ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాడు. ఏ సంస్థ ఒక వ్యవస్థను రూపొందించినా, ఆ సంస్థలోని సంభాషణ నిర్మాణమే ఆ వ్యవస్థలోనూ ప్రతిబింబిస్తుందని దాని సారాంశం. దీనికి ‘కాన్వే సూత్రం’ అనే పేరు బ్రూక్స్ గ్రంథం ద్వారా వ్యాప్తిలోకి వచ్చింది. మాట్లాడుకోని రెండు బృందాలు తయారుచేసిన భాగాలు కూడా సరిగా కలవవు. అతుకు ఉన్న చోటే దోషాలు పోగవుతాయి.

ఒక మేనేజర్ బృందాలను విభజించేటప్పుడు తెలియకుండానే సాఫ్ట్‌వేర్ నిర్మాణాన్ని కూడా నిర్ణయిస్తున్నాడన్నది దీని నిర్వహణాపరమైన ఫలితార్థం. హైదరాబాదులోని అనేక బృందాలు అమెరికాలోని బృందాలతో కలిసి ఒకే ఉత్పత్తిపై పనిచేస్తాయి. పశ్చిమ తీరానికీ మనకూ ఋతువును బట్టి పన్నెండున్నర లేక పదమూడున్నర గంటల తేడా. ఉదయం పుట్టిన సందేహానికి రాత్రి గాని జవాబు రాదు. అటువంటి చోట ఒకే భాగాన్ని రెండు తీరాలకు పంచితే ప్రతి చిన్న నిర్ణయం ఒక రోజు ఆగుతుంది. ఒక భాగాన్ని ఆది నుంచి తుది వరకు ఒకే చోటి బృందానికి అప్పగించి, రెండు భాగాల మధ్య ఒప్పందాన్ని స్పష్టంగా రాసి పెట్టుకోవడం మేలు. హైదరాబాదు బృందం చేత నిత్యం అర్ధరాత్రి సమావేశాలు చేయించడం ఈ సమస్యకు పరిష్కారం కాదు. అది విభజనలోని లోపానికి మనుషుల నిద్రతో మూల్యం చెల్లించడం మాత్రమే.

5. ప్రోగ్రామర్ నుంచి మేనేజర్‌కు:

మంచి ప్రోగ్రామర్‌ను మేనేజర్‌గా చేయడం ఈ రంగంలో సహజ పరిణామంగా భావిస్తారు. నిజానికి అది వృత్తి మార్పు. నిన్నటి వరకు తన చేతి పనిని బట్టి తన విలువ తేలేది. నేటి నుంచి ఇతరుల పనిని బట్టి తేలుతుంది. ఇంటెల్ సంస్థను నడిపిన ఆండ్రూ గ్రోవ్ 1983లో వెలువరించిన ‘హై అవుట్‌పుట్ మేనేజ్‌మెంట్’ గ్రంథంలో, మేనేజర్ ఉత్పత్తి అంటే అతని బృందం ఉత్పత్తి, అతని ప్రభావం సోకే పొరుగు బృందాల ఉత్పత్తి అని నిర్వచించాడు. ఈ నిర్వచనాన్ని జీర్ణించుకోని కొత్త మేనేజర్ రెండు పొరపాట్లలో ఒకటి చేస్తాడు. కష్టమైన కోడ్ అంతా తానే రాసి బృందాన్ని ప్రేక్షకులుగా మారుస్తాడు. లేదా కోడ్‌కు పూర్తిగా దూరమై నివేదికలు సేకరించే గుమాస్తాగా మిగిలిపోతాడు.

గ్రోవ్ ప్రతిపాదనల్లో రెండు ఇక్కడ ముఖ్యమైనవి. మొదటిది, ప్రతి సభ్యుడితో క్రమం తప్పని ముఖాముఖి సమావేశం. దాన్ని ఆ సభ్యుడి సమావేశంగా భావించాలని, చర్చాంశాలను అతడే నిర్ణయించాలని ఆయన అభిప్రాయం. పదిమందిలో చెప్పలేని మాటకు అక్కడ చోటు దొరుకుతుంది. రెండవది, పర్యవేక్షణ తీరు వ్యక్తిని బట్టి గాక, ఆ ప్రత్యేక పనిలో ఆ వ్యక్తి పరిణతిని బట్టి మారాలి. పదేళ్ళ అనుభవం గలవాడైనా కొత్త పనిలో దిగినప్పుడు స్పష్టమైన సూచనలు కోరుకుంటాడు. అదే వ్యక్తికి చేయి తిరిగిన పనిలో అడుగడుగునా సూచనలిస్తే అవమానంగా తోస్తుంది.

6. తప్పు జరిగినప్పుడు - రెండు ఘటనలు:

నాయకత్వానికి అసలు పరీక్ష తప్పు జరిగిన రోజున ఎదురవుతుంది. రెండు ఘటనలను పోల్చడం ఇక్కడ ఉపయుక్తం.

6.1. నైట్ క్యాపిటల్ (2012): అమెరికాలోని ఈ షేర్ల వ్యాపార సంస్థ 2012 ఆగస్టు 1న కొత్త సాఫ్ట్‌వేర్‌ను వాడుకలోకి తెచ్చింది. ఎనిమిది సర్వర్లలో ఏడింటికి మాత్రమే కొత్త కోడ్ చేరింది. 2003లోనే వాడకం ఆపిన పాత కోడ్ ఎనిమిదో సర్వర్‌లో మిగిలి ఉంది. కొత్త సాఫ్ట్‌వేర్ కోసం తిరిగి వాడుకున్న ఒక సంకేతం ఆ పాత కోడ్‌ను మేల్కొలిపింది. సుమారు 45 నిమిషాల్లో లక్షలాది అవాంఛిత లావాదేవీలు జరిగి 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది.

ఎనిమిదో సర్వర్‌ను మరచిన ఉద్యోగిని నిందిస్తే కథ అక్కడితో ముగుస్తుంది. అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2013 అక్టోబరు నాటి ఉత్తర్వు అంతటితో ఆగలేదు. ఆ పనిని రెండో వ్యక్తి సరిచూడలేదని, సరిచూడాలనే లిఖిత నియమమే సంస్థలో లేదని పేర్కొంది. ఆ ఉదయం మార్కెట్ తెరుచుకోకముందే దోషాన్ని సూచించే 97 ఈమెయిళ్ళు సిబ్బందికి చేరాయి. హెచ్చరికలుగా వాటిని రూపొందించలేదు కనుక ఎవరూ స్పందించలేదు. కంగారులో ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్‌ను తొలగించడంతో నష్టం మరింత పెరిగింది. మరచిపోయినది ఒకరే కావచ్చు. ఒకరి మరపు సంస్థనే కూల్చగల ఏర్పాటు మాత్రం నిర్వహణ లోపం.

6.2. గిట్‌ల్యాబ్ (2017): 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీర్ డేటాబేస్ సమస్యను పరిష్కరిస్తూ, ఒక సర్వర్‌కు బదులు మరో సర్వర్‌లోని సమాచారాన్ని పొరపాటున తొలగించాడు. పొరపాటు గ్రహించి ఆపేసరికి సుమారు 300 గిగాబైట్లలో 4.5 గిగాబైట్లు మాత్రమే మిగిలాయి. బ్యాకప్‌లను వెతికితే ఒకటి తర్వాత ఒకటి పనికిరానివని తేలింది. రోజువారీ బ్యాకప్ ప్రోగ్రాము డేటాబేస్‌కు సరిపోలని వెర్షన్ వల్ల విఫలమవుతూ వచ్చింది. ఆ వైఫల్యాన్ని తెలిపే ఈమెయిళ్ళు కూడా తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. మరో అవసరానికి ఆరు గంటల ముందు ఒకరు చేత్తో తీసిన ప్రతి ఆధారంగా సేవను పునరుద్ధరించారు. ఆ ఆరు గంటల సమాచారం పోయింది.

సంస్థ పునరుద్ధరణ పనిని ప్రజలందరూ చూసేలా ప్రత్యక్ష ప్రసారం చేసింది. తర్వాత విడుదల చేసిన నివేదిక ఆ ఇంజనీర్‌ను బలిపశువును చేయకుండా, బ్యాకప్‌లు పనిచేస్తున్నాయో లేదో చూసే బాధ్యత ఎవరికీ అప్పగించలేదన్న లోపాన్ని బయటపెట్టింది. దీన్నే ఈ రంగంలో ‘నింద లేని సమీక్ష’ అంటారు.

నింద లేకపోవడం అంటే బాధ్యత లేకపోవడం కాదు. ఏం జరిగిందో పూర్తిగా చెప్పడమే సమీక్షలో పాల్గొనేవారి బాధ్యత. శిక్ష తప్పదని తెలిసినవాడు తనకు తెలిసినదానిలో సగమే చెబుతాడు. ఆ సగంతో చేసిన దిద్దుబాటు మరో ప్రమాదానికి దారి తీస్తుంది. కనుక నిందను విడిచిపెట్టడం దయతో చేసే పని అయినా కాకపోయినా, సత్యాన్ని రాబట్టే పద్ధతి మాత్రం తప్పక అవుతుంది.

7. మానసిక భద్రత:

ఈ అవగాహనకు శాస్త్రీయ ఆధారం సాఫ్ట్‌వేర్ వెలుపలి నుంచి వచ్చింది. ఏమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రులలో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను అధ్యయనం చేసి 1996లో ఫలితాలు ప్రచురించింది. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయన్నది ఆమె తొలి ఊహ. లెక్కలు తారుమారుగా వచ్చాయి. సఖ్యత గల బృందాల్లోనే పొరపాట్ల సంఖ్య ఎక్కువ. వారు ఎక్కువ తప్పులు చేయడం దీనికి కారణం కాకపోవచ్చునని, చేసిన తప్పులను దాచకుండా చెబుతూ ఉండవచ్చునని ఆమె వివరించింది. 1999లో ఒక తయారీ సంస్థలోని 51 బృందాలను పరిశీలించి ‘మానసిక భద్రత’ అనే భావనను ప్రతిపాదించింది. సందేహం అడిగినా, తప్పు ఒప్పుకున్నా, పెద్దవారితో విభేదించినా అవమానం ఎదురుకాదనే ఉమ్మడి నమ్మకమే అది. గూగుల్ సంస్థ 2012లో మొదలుపెట్టి తన 180 బృందాలపై జరిపిన అధ్యయనంలోనూ బృంద సాఫల్యానికి దోహదం చేసే అంశాల్లో ఇదే ప్రథమ స్థానంలో నిలిచింది.

ఇక్కడ పరిశోధకులు గమనించవలసిన పద్ధతిపరమైన అంశం ఒకటి ఉంది. నమోదైన తప్పుల సంఖ్యను బట్టి బృందాలకు ర్యాంకులు ఇచ్చే సంస్థ, నిజాయితీ గల బృందాన్ని శిక్షించి, మౌనంగా ఉన్న బృందాన్ని సన్మానిస్తుంది. కొలత ఎంత ఖచ్చితమైనదైనా, భయం ఉన్న చోట అది కొలిచేది భయాన్నే.

8. మన తరగతి గదులకు అన్వయం:

తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కళాశాలల్లో చివరి సంవత్సరం ప్రాజెక్టును నలుగురైదుగురు విద్యార్థుల జట్టుకు అప్పగించడం పరిపాటి. జట్టులో ఒకరిద్దరు పనిచేసి మిగిలినవారు పేర్లు చేర్చుకోవడం అధ్యాపకులకు తెలియని విషయం కాదు. ప్రాజెక్టు తుది రూపానికే మార్కులు కనుక, అది ఏ విధంగా తయారైందో ఎవరూ అడగరు. విద్యార్థికి జట్టులో పనిచేసిన ధ్రువపత్రం దక్కుతుంది గాని అనుభవం దక్కదు.

మరో అలవాటు మరింత లోతైనది. గడువు సాధ్యం కాదని తెలిసినా పెద్దవారి ముందు ‘అలాగే సార్’ అనడం మనకు మర్యాద. ఈ మర్యాద ఉద్యోగంలోకి అలాగే వెంట వస్తే, మేనేజర్‌కు చేరే నివేదికలన్నీ చివరి వారం దాకా ఆశాజనకంగానే ఉంటాయి. మర్యాదను వదులుకోవలసిన అవసరం లేదు. ‘సార్, ఈ గడువుకు కాదు. ఇంత వరకు అవుతుంది, మిగిలినదానికి ఇది అడ్డం’ అని చెప్పడం కూడా మర్యాదేనని నేర్పాలి. ఆ మాట విన్నప్పుడు కోప్పడకపోవడం వినేవారి వంతు.

ఇందుకు కొత్త పాఠ్యాంశం అక్కరలేదు. ప్రాజెక్టు మొదట్లో జట్టు రాసిచ్చిన అంచనాను, చివర వాస్తవంగా పట్టిన కాలాన్ని పోల్చి కారణాలు రాయమనవచ్చు. ఒకరి కోడ్‌ను మరొకరు చదివి రాసిన వ్యాఖ్యలకు మార్కులు కేటాయించవచ్చు. జరిగిన ఒక పొరపాటుపై, ఎవరి పేరూ దోషిగా పెట్టకుండా, రెండు పుటల సమీక్ష రాయించవచ్చు. పరిశోధన పర్యవేక్షకుడికీ పరిశోధక విద్యార్థికీ మధ్య సంబంధానికి కూడా ఇది వర్తిస్తుంది. ప్రయోగం విఫలమైందని, అధ్యాయం ముందుకు సాగడం లేదని నెల రోజుల్లో చెప్పగలిగిన విద్యార్థికి సాయం అందుతుంది. భయంతో ఏడాది దాచినవాడికి ఆ ఏడాది పోతుంది.

9. ముగింపు:

- మనిషి-నెల లెక్క సమన్వయ వ్యయాన్ని విస్మరిస్తుంది. ఆలస్యాన్ని మనుషులను చేర్చి సరిచేయాలనుకునే ముందు పని పరిధిని, గడువును పునఃపరిశీలించడం నిర్వాహకుడి ధర్మం.
- బృందాల విభజన సాఫ్ట్‌వేర్ నిర్మాణాన్ని నిర్ణయిస్తుంది. కాబట్టి అది పాలనాపరమైన నిర్ణయమైనంతగా సాంకేతిక నిర్ణయం కూడా.
- మేనేజర్ పదవి ప్రోగ్రామర్ నైపుణ్యానికి బహుమానం కాదు. అది శిక్షణ అవసరమైన మరో వృత్తి.
- తప్పు చేసిన వ్యక్తి దగ్గర ఆగిపోయే విచారణ, ఆ తప్పును సాధ్యం చేసిన ఏర్పాటును అలాగే వదిలేస్తుంది.
- నిజం చెప్పడానికి భయపడని వాతావరణం నిర్మించడమే నాయకత్వంలో ప్రధానాంశం. కంటికి కనిపించని వస్తువును నిర్మించే రంగంలో నిర్వాహకుడికి అందే ఏకైక కొలబద్ద బృందం చెప్పే నిజమే.

బ్రూక్స్ తన వైఫల్యాన్ని గ్రంథంగా రాశాడు కనుక తర్వాతి తరాలు దాని నుంచి నేర్చుకోగలిగాయి. మన కళాశాలల్లో, సంస్థల్లో జరుగుతున్న ప్రయత్నాల్లో విజయాలకు నివేదికలు ఉన్నాయి. వైఫల్యాలకు కూడా అంతే శ్రద్ధగా, నింద లేకుండా రాసిన నివేదికలు తెలుగులో రావడం అవసరం. అవి బృంద నిర్వహణపై భావి పరిశోధనకు విలువైన ఆకరాలు కాగలవు.